రాత లేని రాళ్ళు

కోంట సంతకు పోయే దారిలో కొట్ల మీద కనిపించే బోర్డులు చాలావరకు నాగేశ్వరమ్మ చేతివే. మందుల షాపు గోడ మీద ఎర్ర ప్లస్ గుర్తు, కోళ్ళ కొట్టు ముందు మెడ నిక్కించిన పుంజు, దర్జీ బోర్డు మీద గులాబీ రంగు గౌను, అన్నీ ఆమె వేసినవే. తెలుగు తడుముకోకుండా రాస్తుంది. హిందీ రాయాల్సి వస్తే కొట్టువాడు కాగితం మీద రాసిచ్చినదాన్ని ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు దించుతుంది. మొదట్లో ఆడమనిషి నిచ్చెనెక్కి రంగు వేస్తోందని సంతకొచ్చినవాళ్ళు గుంపుగా నిలబడి చూసేవాళ్ళు. తర్వాత ఎవరూ పట్టించుకోలేదు.

ఆ బ్రష్షులు ఆమె భర్త రామనర్సయ్యవి.

రామనర్సయ్య బతికున్న రోజుల్లో ఇప్పగూడెం ఒకటే ఊరు. ఎర్రబోరు దాటాక రోడ్డు దిగి అడవిలోకి నడిస్తే ఒక వాగు, వాగుకు రెండు పక్కలా ఇళ్ళు. తాతల కాలంలో భద్రాచలం వైపు నుంచి సేద్యానికి వచ్చి నిలిచిపోయిన తెలుగు కుటుంబాలు కొన్ని, మిగతావి దోర్ల ఆదివాసులవి. తెలుగూ దోర్లీ కలిపి మాట్లాడుకునేవాళ్ళు. అత్తా, మామా, వదినే అని వరసలు పెట్టి పిలుచుకునేవాళ్ళు.

తర్వాత ఆ ఏళ్ళు వచ్చాయి. ఊళ్ళు వదిలి రోడ్డు పక్క శిబిరాలకు రావాల్సిందేనని సర్కారు వైపువాళ్ళు, పోతే ప్రాణాలతో మిగలరని అడవిలో ఉన్న నక్సలైట్లు. ఇంట్లో ఉంటామంటే ఇద్దరికీ కుదరదు. ఏ ఇంటికి ఏ భయం పెద్దదైతే ఆ ఇల్లు అటు పోయింది. ఇప్పగూడెంలో సగం శిబిరానికి చేరింది, సగం అడవి పట్టింది. అడవికి పోయినవాళ్ళ ఇళ్ళను శిబిరం నుంచి వచ్చిన గుంపు తగలబెట్టింది. ఆ గుంపులో ఇప్పగూడెం పిల్లలే కొందరున్నారు.

రామనర్సయ్య పెళ్ళాం బిడ్డతో శిబిరానికి పోయాడు. అంతకుముందు అడవిలోవాళ్ళు అతని చేత బండల మీద ఎర్ర రంగుతో నినాదాలు రాయించేవాళ్ళు. శిబిరంలో అదే చేత్తో, అదే బ్రష్షుతో, వాళ్ళకు వ్యతిరేకంగా గోడల మీద రాయించారు. రాసేవాడికి ఏ రాతైనా ఒకటే కదా అనుకున్నాడు రామనర్సయ్య. అడవిలోవాళ్ళు అలా అనుకోలేదు.

ఆ ఏడు వరి కోతకని ముగ్గురూ ఊరికి వచ్చారు. పొద్దుగూకే వేళ కంచె దగ్గర మనుషులు వచ్చి నిలబడ్డారు. మొహాలకు గుడ్డలు కట్టుకున్నారు. కట్టుకోనివాడు ఒక్కడే. వాగవతల బుధ్రి కొడుకు లక్మా. మీసం ఇంకా సరిగా రాని పిల్లవాడు.

"అత్తా, మామతోని జర మాట్లాడాల్నంట. మాట్లాడి పంపిస్తం" అన్నాడు.

రామనర్సయ్య తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళాడు. ఐదేళ్ళ భానుప్రసాద్ తండ్రి వెంట కంచె దాకా పరుగెత్తి, తల్లి కేకేస్తే ఆగాడు. తెల్లారి బండ్ల దారిలో శవం దొరికింది. పక్కన అట్టముక్క మీద ఎర్ర రంగుతో ఏదో రాసి ఉంది. నాగేశ్వరమ్మ దాన్ని చదవలేదు. అక్షరాల వంక చూసి, భర్త రాత కంటే ఎంత వంకరగా ఉందో అని మాత్రం అనుకుంది. అలాంటి సమయంలో అలా అనుకున్నందుకు చాలా ఏళ్ళు తనను తాను తిట్టుకుంది.

లక్మా కూడా ఎన్నాళ్ళో బతకలేదు. రెండు వర్షాకాలాల తర్వాత గుట్ట మీద పోలీసు బలగాల కాల్పుల్లో పోయాడు. బుధ్రి జిల్లా కేంద్రానికి నడిచి వెళ్ళి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కొడుకును తెచ్చుకుంది. చప్పుడు చేయకుండా పాతిపెట్టింది.

గొడవలు కొంత సద్దుమణిగాక జనం తిరిగి ఇప్పగూడెం చేరారు. కానీ ఊరు ఒకటిగా చేరలేదు. శిబిరం నుంచి వచ్చినవాళ్ళు వాగుకు ఇటు కట్టుకున్నారు, అడవి నుంచి వచ్చినవాళ్ళు అటు కట్టుకున్నారు. ఇటువాళ్ళు రోడ్డోళ్ళు, అటువాళ్ళు అడవోళ్ళు. విత్తనాల పండుగ రెండుసార్లు జరిగేది. బోరింగు ఇటే ఉంది గనక అటు ఆడవాళ్ళు మధ్యాహ్నం ఎండలో, ఎవరూ లేనప్పుడు వచ్చి నీళ్ళు పట్టుకుపోయేవాళ్ళు. నాగేశ్వరమ్మ, బుధ్రి ఎదురుపడితే ఒకరు తల తిప్పుకునేవాళ్ళు. ఎవరు ముందు తిప్పుకుంటే వాళ్ళు గెలిచినట్టు.

అలాంటి బుధ్రి ఒక ఎండాకాలం, తునికాకు కోతల రోజుల్లో, నాగేశ్వరమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

నాగేశ్వరమ్మ కొట్టు బోర్డుకు నీలం పూస్తోంది. బ్రష్షు దించకుండానే, "ఏంది?" అంది.

"రాయి ఒకటుంది. రంగులెయ్యాలె."

"కోంటల రంగులేసేటోళ్ళు లేరా?"

"అడిగిన. పేరు విన్నంక రామన్నరు."

"ఎవరి రాయి?"

బుధ్రి పైట చెంగు వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"లక్మాది."

దోర్లవాళ్ళలో మనిషి పోతే రాయి నిలబెడతారు. నిలబెట్టి విందు పెడితేనే పోయినవాడు పెద్దల్లో కలుస్తాడు. లేకపోతే ఊరి చుట్టూ తిరుగుతూనే ఉంటాడని నమ్మకం. ఈమధ్య ఆ రాళ్ళకు రంగులు వేయించి, పోయినవాళ్ళకు ఇష్టమైనవి బొమ్మలుగా గీయించడం అలవాటైంది. మామూలు చావులకు అందరూ చేస్తున్నారు. ఆ ఏళ్ళలో పోయినవాళ్ళకు మాత్రం ఇప్పగూడెంలో ఒక్క రాయి కూడా లేదు. అడవిలోవాళ్ళు తమలో చచ్చిపోయినవాళ్ళకు ఎర్ర స్తూపాలు కట్టడం, బలగాలు వచ్చి వాటిని పడగొట్టడం అందరూ చూశారు. ఏ రాయి నిలబెడితే ఎవరు ఏమనుకుంటారోనని చచ్చిపోయినవాళ్ళను అలాగే వదిలేశారు.

నాగేశ్వరమ్మ బ్రష్షు డబ్బాలో పెట్టి లేచింది.

"ఎవరింటికొచ్చినవో తెలిసే వచ్చినవా?"

"తెలిసే వచ్చిన."

"పో" అంది నాగేశ్వరమ్మ. బుధ్రి కదలకపోయేసరికి అరిచింది. "పొమ్మంటున్న గదా!"

ఆ తర్వాత పని సాగలేదు. కోంటలో ఒక గోడకు సున్నం మీద గీత గీస్తే గీత వంకరపోయింది. చెరిపి గీస్తే మళ్ళీ పోయింది. కొట్టువాడు "ఒంట్ల బాగలేదా అమ్మా?" అన్నాడు. ఆమె సామాను సర్దుకుని ఇంటికి వచ్చి, ఇంట్లోకి పోకుండా నేరుగా వాగు దాటింది. ఊరికి తిరిగొచ్చాక వాగు దాటడం అదే మొదటిసారి. అటు ఇళ్ళలోంచి మనుషులు బయటికి వచ్చి చూశారు. ఎవరూ పలకరించలేదు.

బుధ్రి వాకిట్లో తునికాకు కట్టలు కడుతోంది. మంచం చూపించింది. నాగేశ్వరమ్మ కూర్చోలేదు.

"నా గుమ్మం కాడికి నీ కొడుకొచ్చిండని నీకు తెలుసా, తెల్వదా?"

"తెలుసు." బుధ్రి కట్ట కట్టడం ఆపలేదు. "ఆ పొద్దు ఇంటికొచ్చిండు. అన్నం పెడితే ముద్ద నోట్లె పెట్టుకోలే. మాట్లాడి పంపిస్తమన్నరమ్మా, నాకు తెల్వదు అన్నడు. నిజమో అబద్ధమో నాకు తెల్వదు. కన్నదాన్ని గనక నమ్మిన. నిన్ను నమ్మమని అడుగుత లేను."

"మరేం అడుగుతున్నవ్?"

"వాడు చచ్చిపోయిండు, నాగేసమ్మా. వాణ్ణి చచ్చిపోనియ్యమంటున్న."

బుధ్రి తలెత్తకుండానే మళ్ళీ అంది.

"మా అత్త లేవలేక మంచంల ఉండంగ ఇల్లంటించిండ్రు. అంటించినోళ్ళల్ల మీ ఒడ్డు దేవే మొగుడున్నడు. బోరింగు కాడ దేవే మొహం చూస్తనే ఉన్న గదా ఇన్నేండ్లు. చూసి, నీళ్ళు పట్టుకుని వస్తున్న."

ఆ సంగతి నాగేశ్వరమ్మకు తెలుసు. శిబిరం నుంచి ఆ పొగ చూసింది. ఎవరిల్లని ఎవరినీ అడగలేదు, అంతే.

"మా ఆయనకు కూడా రాయి లేదు" అంది చివరికి. అది చెప్పడానికి ఆమె రాలేదు. మాట దానంతటదే వచ్చింది. "తెలుగోళ్ళకు రాళ్ళు పెట్టే ఆచారం లేదనుకో. కానీ ఏదీ లేదు. ఫొటో కూడా శిబిరంల వానకు తడిసి పాయె. నీ కొడుకు రాయికి నేను రంగులేస్తే, పక్కన మా ఆయన రాయి నిలబడాలె. ఒప్పుకుంటరా మీ వాళ్ళు?"

ఒప్పుకుంటారో లేదో బుధ్రికీ తెలియదు. అడవోళ్ళ వైపు పెద్దమనిషి మడకం జోగయ్య రెండు ఒడ్డుల వాళ్ళనూ వాగు ఇసుకలో కూర్చోబెట్టి, ఆ ఏళ్ళలో పోయినవాళ్ళందరికీ ఒకే చోట రాళ్ళు పెడదామా అని అడిగాడు. ఎవరి ఒడ్డు వైపు వాళ్ళు కూర్చున్నారు, మధ్యలో సన్నగా నీళ్ళు పారుతున్నాయి. కొంతమంది మగవాళ్ళు కూర్చోకుండా గట్టు మీదే నిలబడ్డారు, ఏమైనా జరిగితే వెళ్ళిపోవడానికి.

మొదట లేచింది దేవే. ఆమె భర్త శిబిరం రోజుల తర్వాత బలగాలకు దారి చూపించే పనిలో చేరి, వాళ్ళ డ్రెస్సులోనే మందుపాతర పేలి చచ్చిపోయాడు.

"మా ఆయన్ని చంపినోళ్ళ పక్కన మా ఆయనకు రాయి పెడతరా? సిగ్గులేదా అడగనీకి?"

"మా అత్తను కాల్చినోని పక్కన మా అత్త రాయి పెట్టాల్నా అని నేనడగలే" అంది బుధ్రి, అటు నుంచి.

గట్టు మీది మగవాళ్ళు కిందికి దిగారు. ఎవరో ఎవరినో కొడకా అని తిట్టారు. ఎవరి చేతిలోనో రాయి లేచింది. జోగయ్య రెండు చేతులూ చాచి నీళ్ళలోకి వచ్చి నిలబడ్డాడు. ముసలివాడి మీద వేయలేక ఆ చెయ్యి రాయిని ఇసుకలో వదిలేసింది.

అప్పుడు నాగేశ్వరమ్మ మాట్లాడింది. గుంపులో మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు.

"నేనొక్కటే చెప్త. రాళ్ళ మీద నేను ఒక్క అక్షరం కూడా రాయను. పేరు రాయను, ఏ తారీఖున పోయిండ్రో రాయను, ఎవరు చంపిండ్రో రాయను. రాతలే మా ఆయన్ని మింగినయ్. తుపాకీ వెయ్యను, జెండా వెయ్యను, డ్రెస్సు వెయ్యను. బతికున్నప్పుడు ఆ మనిషికేమిష్టమో అది చెప్తే అది వేస్త. చెప్పేటోళ్ళు రండి, లేనోళ్ళు పోండి."

ఏదీ తేలకుండానే జనం లేచిపోయారు. మర్నాడు బుధ్రి, జోగయ్య, ఇంకొందరు కలిసి వాగు పక్క బీడులో లక్మా రాయిని నిలబెట్టారు. దాని పక్కన రామనర్సయ్యకు ఒకటి. నాగేశ్వరమ్మ రెండింటికీ తెల్లరంగు పూత వేసింది.

తన భర్తది తొందరగానే తేలింది. సైకిలు, ఎక్కడికి పోయినా దాని మీదే. చెవిలో బీడీ. అతను ఎంతో ఇష్టంగా పెంచి, ఎవరినీ కోయనివ్వని నల్లకోడి. లక్మా రాయి ముందు మాత్రం ఆమె చెయ్యి లేవలేదు. ఆమెకు తెలిసిన లక్మా ఒక్కడే, కంచె దగ్గర నిలబడి మాట్లాడి పంపిస్తం అత్తా అన్నవాడు. బ్రష్షు పట్టుకుంటే వాడే వస్తున్నాడు.

"ఇంకేమైనా చెప్పు" అనేది బుధ్రితో.

"అద్దం పిచ్చి వానికి. జుట్టు దువ్వుకుంటనే ఉండేటోడు."

"ఇంకా?"

"గులేరుతోని రాళ్ళేసి పిట్టల్ని కొట్టేటోడు."

జోగయ్య అడ్డం పడ్డాడు. "గులేరొద్దు. అది కూడా ఆయుధమే అంటరు."

బుధ్రి ఆలోచిస్తూ కూర్చుంది. కొడుకు గురించి ఇన్నేళ్ళలో పైకి ఎవరితోనూ మాట్లాడలేదు. ఏది చెప్పొచ్చో ఏది చెప్పకూడదో వెతుక్కుని వెతుక్కుని మాట్లాడుతోంది. అప్పుడు వెనక నుంచి దేవే గొంతు వినిపించింది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

"జీలుగు చెట్టెక్కి కల్లు కుండతోని సహా వాగుల పడలేదా వాడు?"

అందరూ తలలు తిప్పారు. దేవే కోపంగానే ఉంది. కానీ మాట ఆపలేదు.

"నేను అప్పటికి కొత్తగా కాపురానికొచ్చిన. గుడ్డలుతుకుతున్న. పైనుంచి దబ్బున పడ్డడు. కుండ పగిలి కల్లంత నా తల మీదనే. లేచి, అక్కా చెట్టు జారిందే అన్నడు. తను జారినట్టు కాదు, చెట్టే జారిందంట!"

బుధ్రి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ముందు నవ్వు వచ్చింది, దాని వెంట ఏడుపు వచ్చింది. రెండూ ఆపుకోలేకపోయింది. జోగయ్య కూడా నవ్వాడు. నాగేశ్వరమ్మ నవ్వలేదు. కానీ బ్రష్షు ముంచి, రాయికి ఒక పక్కన పొడుగ్గా జీలుగు చెట్టు వేసింది. చెట్టుకూ నేలకూ మధ్య తలకిందులుగా ఒక కుర్రవాడిని వేసింది, చేతిలో కుండ, జుట్టు మాత్రం చెదరలేదు. వాడు కంచె దగ్గరి లక్మా కాదు.

దేవే ఆ బొమ్మ పూర్తయ్యేదాకా నిలబడి చూసింది. వెళ్ళబోతూ, "మా ఆయనకు చేపలంటే పానం" అంది. "పెద్ద రాయి చూసుకుంట. రేపు మోయించుకొస్త."

అలా మొదలైంది. రోడ్డోళ్ళు తెచ్చారు, అడవోళ్ళు తెచ్చారు. మంచం దిగలేక కాలిపోయిన ముసలామెకు పొగాకు, ఆమె ఎప్పుడూ ఒళ్ళో పెట్టుకునే పిల్లి. జ్వరమొచ్చి శిబిరంలో మందు లేక పోయిన పసిబిడ్డకు ఒక పిచ్చుక. బొమ్మ వేయాలంటే నాగేశ్వరమ్మ అడుగుతుంది, అడిగితే చెప్పాలి. చెప్పడానికి వచ్చినవాళ్ళు కూర్చుంటారు. పక్కన ఇంకో ఒడ్డు మనిషి కూర్చుని ఉంటాడు. ఒక్కోసారి మాట తేడా వచ్చి లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరి పేరైనా, ఎలా పోయాడన్న మాటైనా నోరు జారితే గాలి బిగుసుకుపోయేది. అప్పుడు నాగేశ్వరమ్మ, "ఆ ఎద్దుకు కొమ్ములెట్లుండేటివి? పైకా, పక్కకా?" అని అడిగేది. జవాబు చెప్పేవాళ్ళు మళ్ళీ బతికున్న రోజుల్లోకి వచ్చేవాళ్ళు.

ఈ కబురు భానుప్రసాద్‌కు కోంటలో తెలిసింది. అతను పికప్ బండి నడుపుతూ పోలీసు ఉద్యోగానికి తయారవుతున్నాడు. పరుగు పరీక్ష అయిపోయింది, రాత పరీక్ష అయిపోయింది. పోలీసులు ఇంటికి వచ్చి అతని గురించి విచారించే పని ఒక్కటే మిగిలింది. బండి బీడు దగ్గర ఆపి దిగాడు. లక్మా రాయి వంక చూశాడు. కాలితో ఎర్రరంగు డబ్బాను తన్నాడు.

"వాడు నాన్నను తీస్కపోయిండు. నేను చూసిన. నువ్వు మర్చిపోయినవేమో!"

"మర్చిపోలే" అంది తల్లి.

"రేపు విచారణకొస్తే నక్సలోనికి రాయి పెట్టించిన ఇల్లని రాసుకపోతరు. నా ఉద్యోగం పాయె. నాన్న పాయె, ఉద్యోగం పాయె. నీకేం దక్కిందే?"

ఆమె మట్టిలో పారుతున్న ఎర్రరంగును చేత్తో డబ్బాలోకి ఎత్తుకోవడం మొదలుపెట్టింది. అది చూడలేక భానుప్రసాద్ బండెక్కాడు. ఆ తర్వాత ఇంటికి రావడం మానేశాడు.

అతను భయపడినట్టే రాళ్ళు బయటివాళ్ళ కంట పడ్డాయి. తొలకరికి ముందు ఒక ఉదయం కొత్త క్యాంపు నుంచి బలగాలు వచ్చాయి. బీడులో వరసగా నిలబడ్డ రంగు రాళ్ళను చూసి చుట్టూ మోహరించాయి. ఊరు ఊరంతా ఇళ్ళలోంచి బయటికి వచ్చి దూరంగా ఆగింది. ఆఫీసరు కుర్రవాడు, బయటి రాష్ట్రం మనిషి. హిందీలో మాట్లాడుతున్నాడు. అతని మాటలు దోర్లిలోకి మార్చడానికి ఈ ప్రాంతం జవాను ఒకడు పక్కన ఉన్నాడు.

"ఇవెవరు పెట్టారు? ఎవరి పర్మిషన్?"

జోగయ్య చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. చచ్చిపోయినవాళ్ళవి అన్నాడు. ఆచారం అన్నాడు. ఆఫీసరు రాళ్ళ వెంట నడుస్తూ ఒక్కొక్కటి చూశాడు. ముందు, వెనక, కింద కూడా వంగి చూశాడు.

"పేర్లేవి? ఎక్కడా రాత లేదెందుకు? ఏం దాస్తున్నారు?"

నాగేశ్వరమ్మ తన సంత హిందీలో చెప్పింది. "రాసే మనిషి నా మొగుడు సాబ్. వాళ్ళకూ రాసిండు, మీ వైపుకూ రాసిండు. రాసినందుకే చచ్చిపోయిండు. అందుకని మేం రాయలే."

ఆఫీసరు ఆమెను ఎగాదిగా చూశాడు. తలకిందులుగా పడుతున్న కుర్రవాడి రాయి దగ్గర ఆగాడు. మొదటిసారి అతని మొహంలో చిన్న నవ్వులాంటిది కదిలింది.

"ఇతనెవరు? చెట్టు మీంచి పడి పోయాడా?"

జోగయ్య తల ఊపబోయాడు. ఊపితే సరిపోయేది. అందరికీ తెలుసు, ఆ ఒక్క చిన్న అబద్ధంతో గండం గడిచిపోతుందని. నాగేశ్వరమ్మ బుధ్రి వంక చూసింది. ఒప్పుకో వదినే, అని లోపల అనుకుంది.

బుధ్రి గుంపులోంచి బయటికి వచ్చింది.

"కాదు. నా కొడుకు. మీరే కాల్చిండ్రు."

మాట మార్చే జవాను నోరు తెరిచి ఆగిపోయాడు. ఆఫీసరు, "క్యా బోలీ?" అని గద్దించాడు. జవాను బుధ్రి వంక కాకుండా నేల వంక చూస్తూ, తుపాకీ గుండు తగిలి పోయాడట సార్ అన్నాడు.

ఆఫీసరు మొహం మారిపోయింది. చెయ్యి ఊపాడు. ఇద్దరు జవాన్లు తుపాకులు వెనక్కి తోసుకుని రాయికి భుజాలు ఆనించారు. రాయి మొదట కదల్లేదు. తర్వాత మట్టి పగిలి ఒక పక్కకు ఒరిగింది. బుధ్రి అరవలేదు. అలాగే నిలబడి చూస్తోంది.

అరిచింది దేవే. పరుగెత్తుకొచ్చి, చేపలున్న తన భర్త రాయిని రెండు చేతులతో చుట్టేసింది.

"ఇది మా ఆయనది! మీ డ్రెస్సేసుకునే చచ్చిపోయిండు! మీరే జెండా కప్పి తెచ్చి ఇచ్చిండ్రు. అది పడగొట్టాల్నంటే ముందు దీన్ని పడగొట్టు. పడగొట్టు!"

జవాను ఈసారి ఒక్క మాట కూడా తప్పకుండా చెప్పాడు. ఆఫీసరు దేవే వంక చూశాడు, ఆ రాయి వంక చూశాడు, ఒరిగిన రాయి వంక చూశాడు. ఈలోగా ఇటు ఒడ్డు నుంచి ఒక ముసలాయన నడిచి వచ్చి తన కూతురి రాయి మొదట్లో కూర్చున్నాడు. అటు నుంచి ఒకామె వచ్చి కూర్చుంది. తర్వాత ఎవరు ఎటువాళ్ళో తెలియలేదు. నాగేశ్వరమ్మ తన భర్త రాయి దగ్గరికి నడిచింది. రెండు అడుగులు దాటి, ఒరిగిన రాయి దగ్గర కూర్చుంది. ఎందుకలా కూర్చుందో తర్వాత ఎవరు అడిగినా చెప్పలేకపోయింది. జవాన్ల బూట్లు కళ్ళ ముందే ఉన్నాయి.

ఆఫీసరు జవాన్లను వెనక్కి రమ్మన్నాడు. ఫోనుతో ప్రతి రాయినీ ఫొటో తీశాడు. పైవాళ్ళకు చెప్తానని, వాళ్ళ మాట వచ్చేదాకా కొత్త రాయి ఒక్కటి లేచినా బాగుండదని అన్నాడు. వరసగా నడిచి చెట్లలోకి వెళ్ళిపోయారు. మాట మార్చిన జవాను ఆఖర్న నడుస్తూ ఒక్కసారి వెనక్కి తిరిగాడు.

వాళ్ళు కనుమరుగయ్యాక జోగయ్య గడ్డపార తెమ్మన్నాడు. లక్మా రాయిని నిటారుగా నిలబెట్టడానికి రెండు ఒడ్డుల మగవాళ్ళూ భుజం పట్టారు. దేవే పట్టలేదు. పక్కన నిలబడి, "కుడికి ఒరిగింది, కుడికి" అని చెప్తూ ఉంది.

తొలకరి పడ్డాక విందు జరిగింది. మేకను కోశారు, ఆకు విస్తళ్ళు వేశారు. ఒకే చోట వండారు గానీ కొంతమంది తినకుండా విస్తరి ఇంటికి పట్టుకుపోయారు. అదైనా ఇంతకుముందు జరగనిదే. బుధ్రి విందులో ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. చేతులు కడుక్కునేటప్పుడు నాగేశ్వరమ్మతో, "ఇగ తిరగడు" అంది, అంతే.

క్యాంపు నుంచి పడగొట్టమన్న మాటా రాలేదు, ఉండనివ్వమన్న మాటా రాలేదు. ఇప్పటికీ బలగాలు ఆ దారిన పోతే బీడు దగ్గర ఊరివాళ్ళ అడుగులు ఆగిపోతాయి. అడవిలో మిగిలినవాళ్ళు ఏమనుకుంటున్నారో కూడా ఎవరికీ తెలియదు. ఉద్యోగానికి ఎంపికైనవాళ్ళలో భానుప్రసాద్ లేడు. రాళ్ళ వల్లనా, మార్కుల వల్లనా అన్నది ఎవరూ చెప్పలేదు. అతను మాత్రం రాళ్ళ వల్లనే అనుకున్నాడు.

వానలు తగ్గాక ఒక రోజు నాగేశ్వరమ్మ బీడులో రంగు లేచిపోయిన చోట్ల మళ్ళీ పూస్తోంది. బండి శబ్దం విని వెనక్కి చూడలేదు. భానుప్రసాద్ వచ్చి తండ్రి రాయి ముందు నిలబడ్డాడు. లక్మా రాయి వైపు చూడలేదు, దాని నీడ పడిన చోట కాలు కూడా పెట్టలేదు. చాలాసేపు సైకిలు బొమ్మనే చూశాడు.

"తప్పేసినవ్" అన్నాడు.

"ఏంది తప్పు?"

"సైకిలుకు ముందు బుట్ట ఉండేది. తీగెలది."

నాగేశ్వరమ్మ బ్రష్షు పట్టుకుని ఆలోచించింది. నిజమే. హ్యాండిలు ముందు తీగల బుట్ట. ఎలా మర్చిపోయిందో. నలుపు కలిపి, హ్యాండిలు ముందు సన్నగా గీతలు గీయడం మొదలుపెట్టింది. గీస్తూ, అందరినీ అడిగినట్టే కొడుకునూ అడిగింది.

"అందులో ఏముండేదిరా?"

భానుప్రసాద్ కిందికి చూశాడు.

"నేనుండేటోణ్ణి."